పేజీ రీలోడ్ కాకుండా ఫారం సమాచారాన్ని సర్వర్‌కు పంపడం: రీలోడ్ చేసే పనులు ఇక ఎవరు చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమిషన్ కొట్టుకు మీరు సరుకు నమోదు చేసే ఫారం తయారుచేశారు. అందులో తేదీ, రైతు పేరు, ఊరు, కాయ రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర ఉన్నాయి. గుమాస్తా సేవ్ నొక్కినప్పుడల్లా పేజీ మొత్తం మళ్లీ తెరుచుకుని, కర్సర్ ఎక్కడుందో పోయి, తేదీ తిరిగి ఎంచుకోవలసి వస్తోంది. దాన్ని తప్పించడానికి మీరు జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్ వాడారు, పేజీ మారకుండా సర్వర్‌తో మాట్లాడే సాధనం అది. ఇప్పుడు పేజీ కదలడం లేదు, తెరమీద ‘సేవ్ అయింది’ అని కూడా వస్తోంది, కానీ డేటాబేస్‌లో రికార్డు చేరడం లేదు. ఫెచ్ తీసేసి పాత పద్ధతిలో పంపితే సర్వర్‌లోని అదే పీహెచ్‌పీ ఫైలు చక్కగా పనిచేస్తోంది.

మీ కోడులోని దోషం చిన్నది, ఒక్క షరతు మారిస్తే పోతుంది. అయితే అంతటితో ఆగితే పది రోజుల్లో ఇంతకంటే పెద్ద చిక్కులో పడతారు, కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను. నేను దాదాపు 18 ఏళ్లుగా గుంటూరు, విజయవాడల్లోని కొట్లకు, కోల్డ్ స్టోరేజీలకు, ట్యూషన్ సెంటర్లకు ఇలాంటి ఫారాలే రాస్తున్నాను. ఈ పనిలో నాకు బాగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. రీలోడ్‌ను ఆపడానికి ఒక్క వరుస కోడు చాలు. కానీ ఆ రీలోడ్ చాటున బ్రౌజర్ మన తరఫున చేస్తూ వచ్చిన పనులన్నీ ఆ క్షణం నుంచి మన బాధ్యత అవుతాయి.

ఆ పనులేమిటో ఒకసారి చూడండి. మామూలు ఫారంలో సేవ్ నొక్కగానే బ్రౌజర్ తప్పనిసరి గడులు నిండాయో లేదో చూస్తుంది. పేరున్న గడులన్నింటినీ సేకరిస్తుంది, నొక్కిన బటన్ పేరును కూడా వాటితో చేరుస్తుంది. ఆ మొత్తాన్ని సర్వర్‌కు అర్థమయ్యే రూపంలో మూటగట్టి పంపుతుంది. జవాబు వచ్చేదాకా ట్యాబు మీద చక్రం తిప్పుతూ, పని జరుగుతోందని మనిషికి తెలియజేస్తుంది. సర్వర్ ఏం చెబితే అది, మంచైనా చెడైనా, దాచకుండా తెరమీద చూపిస్తుంది. నెట్ లేకపోతే లేదని చెబుతుంది. తర్వాత ఎవరైనా పేజీని రిఫ్రెష్ చేస్తే, ఇదే సమాచారం మళ్లీ పంపమంటారా అని అడుగుతుంది. బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని ఆపమని మీరు ప్రివెంట్‌డిఫాల్ట్ అని రాసిన చోట ఇవన్నీ ఒకేసారి ఆగిపోయాయి, వీటిలో పంపడం ఒక్కటే మీరు తిరిగి రాశారు.

ముందు పునాది. మీరు క్లిక్ ఈవెంట్‌ను సేవ్ బటన్‌కు తగిలించి, అందులో ప్రివెంట్‌డిఫాల్ట్ పిలిచారు. దాన్ని తీసేసి, ఫారానికి ఉండే సబ్మిట్ ఈవెంట్‌కు తగిలించండి. క్లిక్ అనేది బ్రౌజర్ గడులను పరీక్షించడానికి ముందే జరుగుతుంది, అక్కడే ఆపేస్తే తప్పనిసరి అని మీరు గుర్తుపెట్టిన గడులను ఎవరూ పరీక్షించరు, ఖాళీ పేరుతో రికార్డు వెళ్లిపోతుంది. సబ్మిట్ ఈవెంట్ ఆ పరీక్ష దాటిన తర్వాతే వస్తుంది. కొందరు రీలోడ్ బాధ పడలేక సబ్మిట్ బటన్‌ను మామూలు బటన్‌గా మార్చేస్తారు. అలా చేస్తే, అనేక గడులున్న ఫారంలో ఎంటర్ నొక్కి సేవ్ చేయడం పనిచేయదు. కొట్టులో గుమాస్తా ఎడమచేత్తో చీటీ పట్టుకుని, కుడిచేత్తో అంకెల కీలు కొడుతూ ఎంటర్ మీదే బండి నడిపిస్తారు, ఆ అలవాటును మనం చెడగొట్టకూడదు. కోడు నుంచే ఫారం పంపవలసి వస్తే సబ్మిట్ అనే మెథడ్ కాకుండా రిక్వెస్ట్‌సబ్మిట్ వాడండి. మొదటిది పరీక్షనూ చేయదు, సబ్మిట్ ఈవెంట్‌నూ లేపదు.

ఫారం ట్యాగులోని యాక్షన్, మెథడ్‌లను మాత్రం తీసేయకండి. మీ జావాస్క్రిప్ట్ ఫైలు ఏ కారణంగానో లోడు కాని రోజున పాత పద్ధతిలోనైనా పని జరుగుతుంది. చిరునామాను ఆ యాక్షన్ నుంచే చదివి ఫెచ్‌కు ఇస్తే, ఒకే సంగతి రెండు చోట్ల రాయవలసిన పని కూడా తప్పుతుంది.

ఇక మీ రికార్డు ఎందుకు చేరడం లేదో చెబుతాను. మీ పీహెచ్‌పీ ఫైలు మొదట్లో, సబ్మిట్ అనే పేరుతో ఏదైనా వచ్చిందా అని ఇస్‌సెట్‌తో చూస్తున్నారు. మన ఊళ్లలో పీహెచ్‌పీ నేర్పే దాదాపు ప్రతి పాఠంలోనూ ఈ షరతు కనిపిస్తుంది. మామూలు పద్ధతిలో బ్రౌజర్ నొక్కిన బటన్ పేరును కూడా పంపుతుంది కాబట్టి అది నెరవేరుతుంది. ఫారమ్‌డేటా వస్తువుకు ఫారాన్ని మాత్రమే ఇచ్చి సమాచారం సేకరిస్తే అందులో బటన్ ఉండదు. షరతు నెరవేరలేదు, లోపలి కోడు నడవలేదు, ఫైలు ఏ తప్పూ చూపకుండా చివరికి చేరి, 200 అనే విజయ సంకేతంతో ఖాళీ జవాబు పంపింది. ఆ 200 చూసి మీ జావాస్క్రిప్ట్ ‘సేవ్ అయింది’ అని రాసింది. ఎవరూ అబద్ధం చెప్పాలనుకోలేదు, అయినా గుమాస్తాకు అందినది అబద్ధమే. ఆ షరతు స్థానంలో రిక్వెస్ట్ (బ్రౌజర్ సర్వర్‌కు పంపే అభ్యర్థన) పద్ధతి పోస్ట్ అవునా కాదా అని చూడండి. కావలసిన గడులు వచ్చాయో లేదో విడిగా పరీక్షించి, రాకపోతే 422 (వచ్చిన సమాచారం సరిగా లేదు) సంకేతంతో కారణం పంపండి.

మీలాగే ‘సర్వర్‌కు ఏమీ అందడం లేదు’ అని వచ్చేవారిలో ఇంకా కొన్ని కారణాలు తరచూ చూస్తుంటాను. మీరు ప్రయోగాలు చేసేటప్పుడు వీటిలో పడే అవకాశం ఉంది. గడికి ఐడీ ఇచ్చి నేమ్ ఇవ్వకపోతే అది సేకరణలోకి రాదు. డిసేబుల్ చేసిన గడి కూడా రాదు, కాబట్టి పంపేటప్పుడు ఎవరూ మార్చకుండా గడులన్నీ డిసేబుల్ చేయాలనుకుంటే ముందు ఫారమ్‌డేటా తయారుచేసుకుని ఆ తర్వాతే చేయాలి. ఈ రెండు వరుసలు తారుమారైతే ఖాళీ మూట వెళ్తుంది, ఎంత వెతికినా కారణం కనిపించదు. టిక్కు పెట్టని చెక్‌బాక్స్ ‘లేదు’ అని రాదు, అసలే రాదు.

సమాచారాన్ని జేసన్ అనే పాఠ రూపంలో పంపాలనుకునేవారికి మరో గుంట ఉంది. పీహెచ్‌పీలోని పోస్ట్ అర్రే నిండేది ఫారాలు మామూలుగా పంపే రెండు రూపాల్లో వచ్చినప్పుడు మాత్రమే. జేసన్ పంపితే అది ఖాళీగానే ఉంటుంది, రిక్వెస్ట్ బాడీలోని పాఠాన్ని ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి చదివి మనమే విప్పుకోవాలి. పైగా ఫారమ్‌డేటాను నేరుగా జేసన్ స్ట్రింగిఫైకి ఇస్తే రెండు ఖాళీ బ్రాకెట్లు తప్ప ఏమీ రావు. దాన్ని ముందు వస్తువుగా మార్చి ఇవ్వవచ్చు గాని, ఒకే పేరుతో అనేక విలువలుంటే, అంటే ఒకే రైతు తేజ, బాడిగ రకాలు రెండూ తెచ్చి రెంటికీ టిక్కు పెడితే, చివరిది ఒక్కటే మిగులుతుంది. నా సలహా ఏమిటంటే, మీ సర్వర్ ఫైలు ఇప్పటికే మామూలు ఫారానికి రాసినది కాబట్టి జేసన్‌లో పంపవద్దు, ఫారమ్‌డేటానే ఫెచ్ బాడీగా ఇవ్వండి. అలా ఇచ్చినప్పుడు కంటెంట్‌టైప్ హెడర్‌ను మీరు రాయకండి. బ్రౌజర్ ఒక్కో గడిని వేరుచేయడానికి ఒక సరిహద్దు గీత ఎంచుకుని దాన్ని ఆ హెడర్‌లో ప్రకటిస్తుంది. మీరు స్వయంగా మల్టీపార్ట్ అని రాసేస్తే ఆ ప్రకటన పోతుంది, సర్వర్‌కు ఎక్కడ తెంపాలో తెలియదు. జవాబును మాత్రం జేసన్‌గా తెప్పించుకోండి, చదవడం తేలిక.

మీరు పాత పాఠాల్లో చూసిన జేక్వెరీ (ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పద్ధతి తప్పేమీ కాదు. రీలోడ్ లేకుండా పంపే ఈ విద్యకు మూలం మైక్రోసాఫ్ట్ వారు ఔట్‌లుక్‌ను వెబ్‌లో చూపించడానికి తయారుచేసుకున్న వస్తువు. అది 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికి వచ్చింది, తర్వాత మిగిలిన బ్రౌజర్లు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ పేరుతో స్వీకరించాయి. 2004లో జీమెయిల్ దీని సత్తా లోకానికి చూపించింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ రాసిన వ్యాసంతో అజాక్స్ అనే పేరు స్థిరపడింది. జేక్వెరీ 2006లో వచ్చి దాన్ని సులభం చేసింది, ఫెచ్ 2015 నుంచి బ్రౌజర్లలోకి వచ్చింది. మీరు కొత్తగా రాస్తున్నారు కాబట్టి ఫెచ్ చాలు, జేక్వెరీని కేవలం ఇందుకోసం తెచ్చిపెట్టుకోనక్కరలేదు.

అయితే ఫెచ్ విషయంలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. సర్వర్ 404 (పేజీ దొరకలేదు) అన్నా 500 (సర్వర్‌లో తప్పు జరిగింది) అన్నా ఫెచ్ దృష్టిలో అది వైఫల్యం కాదు, జవాబు వచ్చింది కాబట్టి పని అయినట్టే లెక్క. నెట్ తెగిపోవడం వంటివి జరిగినప్పుడు మాత్రమే అది క్యాచ్ భాగంలోకి వెళ్తుంది. అందుకే జవాబు వచ్చిన వెంటనే దాని ఓకే అనే లక్షణాన్ని చూడాలి, అది 200 నుంచి 299 వరకు ఉన్న సంకేతాలకే నిజమవుతుంది. మీ విషయంలో అదీ చాలదు. సర్వర్ రికార్డు వేసిన తర్వాత ఆ రికార్డు సంఖ్యను జేసన్‌లో పంపాలి, మీ జావాస్క్రిప్ట్ ఆ సంఖ్య కళ్లారా చూస్తే తప్ప ‘సేవ్ అయింది’ అనకూడదు. తెరమీద కూడా ‘నమోదు సంఖ్య 318, 42 టిక్కీలు’ అని రాస్తే, గుమాస్తా దాన్ని చీటీ మీద వేసుకోగలుగుతారు.

దీనికి తోడు సెషన్ గడువు సమస్య వస్తుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లివచ్చేసరికి లాగిన్ గడువు తీరిపోయి ఉంటుంది. సేవ్ నొక్కితే సర్వర్ లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. ఫెచ్ ఆ మళ్లింపును చప్పుడు లేకుండా అనుసరించి, లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను 200 సంకేతంతో మీ చేతిలో పెడుతుంది. దాన్ని జేసన్‌గా చదవబోతే, మొదటి అక్షరం దగ్గరే అనుకోని గుర్తు వచ్చిందని కన్సోల్‌లో ఎర్ర వరుస పడుతుంది. పీహెచ్‌పీ తన హెచ్చరికను జేసన్‌కు ముందు ముద్రించినా ఇదే కనిపిస్తుంది. కాబట్టి ఫెచ్ నుంచి యాక్సెప్ట్ హెడర్‌లో జేసన్ కావాలని చెప్పండి. సర్వర్ దాన్ని చూసి, లాగిన్ లేకపోతే మళ్లించకుండా 401 (లాగిన్ కావాలి) సంకేతం పంపాలి, హెడర్ లేని మామూలు ఫారానికి మాత్రం పాత పద్ధతిలో 303తో మళ్లించాలి. 401 వచ్చినప్పుడు గడుల్లో రాసినదేదీ చెరపకుండా, వేరే ట్యాబులో లాగిన్ అయి మళ్లీ సేవ్ నొక్కమని చెప్పండి. ఇలా చేయగలగడమే రీలోడ్ లేని పద్ధతిలోని అసలు లాభం. పాత పద్ధతిలో ఆ టైపు చేసినదంతా పోయేది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరూ అదే యార్డుకు రాస్తున్నారు. కొన్నేళ్ల క్రితం నేను ఒక కొట్టుకు ఇలాంటి ఫారమే రాసి ఇచ్చాను. సరుకు ముమ్మరంగా వస్తున్న ఫిబ్రవరిలో ఒకనాడు నెట్ బాగా నెమ్మదించింది. గుమాస్తా సేవ్ నొక్కారు, తెరమీద ఏ కదలికా లేదు. పాత పద్ధతిలో అయితే కనీసం ట్యాబు మీద చక్రం తిరిగేది, దాన్ని నేను తీసేశాను, దాని బదులు ఏమీ పెట్టలేదు. ఆయన ఇంకో రెండుసార్లు నొక్కారు. మూడు రిక్వెస్టులూ ఆలస్యంగానైనా సర్వర్‌కు చేరాయి. 42 టిక్కీలు తెచ్చిన రైతు పేరున 126 టిక్కీలు పడ్డాయి. సాయంత్రం కాటా చిట్టాతో సరిచూసినప్పుడు తేడా బయటపడింది, లెక్క తేలేసరికి రాత్రి తొమ్మిది దాటింది, ఆ రైతుకు ఊరి ఆఖరి బస్సు తప్పిపోయింది. యజమాని గుమాస్తాను మందలించారని మర్నాడు విన్నాను. తప్పు ఆయనది కాదు, నాది. వెళ్లి ఆ మాట యజమానికి చెప్పాను గాని, ఆ రైతుకు చెప్పే వీలు నాకు కలగలేదు.

కాబట్టి సబ్మిట్ ఈవెంట్ రాగానే చేయవలసిన మొదటి పని సేవ్ బటన్‌ను డిసేబుల్ చేసి, దాని మీది మాటను ‘పంపుతోంది’ అని మార్చడం. పని ముగిశాక, గెలిచినా ఓడినా, దాన్ని తిరిగి తెరవాలి. ఆ తెరిచే వరుసను ఫైనల్లీ భాగంలో రాయండి, ట్రై భాగం చివర రాస్తే తప్పు జరిగిన రోజున బటన్ శాశ్వతంగా మూసుకుపోతుంది. ఎంటర్ రెండుసార్లు వేగంగా పడే అవకాశం ఉంది కాబట్టి, పంపడం నడుస్తోందని గుర్తుపెట్టుకునే ఒక చరరాశి కూడా ఉంచండి, అది నిజమై ఉంటే ఫంక్షన్ మొదట్లోనే వెనక్కి తిరగాలి.

కానీ బటన్ మూయడం సగం మందు మాత్రమే. రిక్వెస్ట్ సర్వర్‌కు చేరి, రికార్డు పడి, జవాబు తిరిగి వచ్చే దారిలో నెట్ తెగిందనుకోండి. మీ పేజీకి తెలిసేది ‘విఫలమైంది’ అని మాత్రమే. గుమాస్తా మళ్లీ నొక్కుతారు, నొక్కడమే సరైన పని కూడా. రికార్డు రెండుసార్లు పడుతుంది. దీనికి బ్రౌజర్ వైపు మందు లేదు, సర్వర్ వైపే చేయాలి. ఫారం తెరిచేటప్పుడే పీహెచ్‌పీతో ఊహకందని ఒక టోకెన్ (ఆ ఒక్క నమోదుకే చెందే గుర్తు) తయారుచేసి, తెరమీద కనిపించని హిడెన్ గడిలో పెట్టండి. సరుకు పట్టికలో ఆ టోకెన్‌కు ఒక నిలువు వరుస కేటాయించి దానికి ఒకే విలువను రెండుసార్లు పడనివ్వని యూనిక్ సూచిక పెట్టండి. అదే టోకెన్‌తో రెండోసారి రికార్డు వేయబోతే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 1062 అనే దోష సంఖ్యతో నిరాకరిస్తుంది. అప్పుడు మీ పీహెచ్‌పీ దాన్ని తప్పుగా చూపకుండా, ఇంతకుముందే పడిన రికార్డును వెతికి, అదే నమోదు సంఖ్యను విజయంగా తిరిగి పంపాలి. గుమాస్తా ఎన్నిసార్లు నొక్కినా 42 టిక్కీలు 42గానే ఉంటాయి.

ఈ టోకెన్‌ను ఎప్పుడు మార్చాలనేది జాగ్రత్తగా చూసుకోవాలి. విజయం అందిన తర్వాతే కొత్తది రావాలి, విఫలమైనప్పుడు పాతదే ఉండాలి. కొత్త టోకెన్‌ను విజయ జవాబులోనే సర్వర్ పంపితే సరిపోతుంది. ఫారాన్ని రీసెట్ చేస్తే హిడెన్ గడి విలువ మారదని గుర్తుంచుకోండి, దాన్ని మీరే మార్చాలి. మరచిపోతే రెండో రైతు సరుకు పడదు, మొదటి రైతు నమోదు సంఖ్యే మళ్లీ తెరమీదికి వస్తుంది. టోకెన్‌ను జావాస్క్రిప్ట్‌లోని ర్యాండమ్‌యూయూఐడీతో తయారుచేయవచ్చని చదివి ఉంటారు. అది హెచ్‌టీటీపీఎస్ మీదా లోకల్‌హోస్ట్ మీదా మాత్రమే దొరుకుతుంది. కొట్టులోని ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, పక్క బల్ల నుంచి మామూలు హెచ్‌టీటీపీ చిరునామాతో తెరిస్తే అది ఉండదు.

గడువు గురించి. ఫెచ్‌కు తనంతట తానుగా మనం చెప్పుకునే గడువు ఉండదు, ఊరుకుంటే చాలాసేపు ఎదురుచూస్తూనే ఉంటుంది. అబార్ట్‌కంట్రోలర్ వాడి 15 సెకన్లకు ఆపండి. రద్దీ రోజుల్లో యార్డులో ఫోను నెట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి 5 సెకన్లు పెట్టవద్దు. గడువు దాటి ఆపినప్పుడు ‘సేవ్ కాలేదు’ అని రాయకండి. అది మనకు తెలియని సంగతి, సర్వర్‌లో పని జరిగి ఉండవచ్చు, మనం ఇక్కడ ఆపినంత మాత్రాన అక్కడ వేసిన రికార్డు వెనక్కి రాదు. ‘జవాబు అందలేదు, మళ్లీ నొక్కండి, రెండుసార్లు పడదు’ అని రాయండి. టోకెన్ ఉంది కాబట్టి ఆ మాట ధైర్యంగా అనగలరు.

తెలుగులో పేర్లు తీసుకుంటున్నారు కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. ‘గుంటూరు’ అనే మాట మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, సున్నా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి అది 7 సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి 21 బైట్లు. మామూలు ఫారం వాడే శాతం గుర్తుల రూపంలో ఒక్కో బైటు 3 గుర్తులవుతుంది కాబట్టి 63 గుర్తులు. గడికి పెట్టే గరిష్ఠ పొడవును బ్రౌజర్ 7గా లెక్కిస్తుంది, పీహెచ్‌పీలో బైట్లు లెక్కించే స్టర్‌లెన్ 21 అంటుంది. మీ కోడులో ఊరి పేరు 20 దాటకూడదని స్టర్‌లెన్‌తో పరీక్షిస్తున్నారు, అంటే గుంటూరు రైతునే అది తిరగ్గొడుతుంది. సంకేతాలను లెక్కించే ఎంబీ స్టర్‌లెన్ వాడండి. పొడవైన పేరును మామూలు సబ్‌స్టర్‌తో కత్తిరించే అలవాటు కూడా మానండి. అది ఒక సంకేతాన్ని మధ్యలో తెంపితే, ఆ విరిగిన ముక్కను చూసి జేసన్ ఎన్‌కోడ్ పని మానేసి ఫాల్స్ ఇస్తుంది, ఎకో చేస్తే ఖాళీ జవాబు వెళ్తుంది. ఆంగ్లంలో పేర్లు వేసినంత కాలం అంతా బాగుండి, తెలుగు పేరు వేసిన రోజునే జవాబు ఖాళీగా వస్తోందంటే నేను ముందు చూసేది ఇదే. డేటాబేస్ కనెక్షన్‌కు యూటీఎఫ్-8 ఎంబీ4 పెట్టకపోతే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు పడవచ్చు.

ధర గడిలో మన గుమాస్తాలు 18,500 అని కామాతో రాస్తారు. పీహెచ్‌పీలో దాన్ని నేరుగా పూర్ణాంకంగా మారిస్తే కామా దగ్గర ఆగి 18 అంటుంది. కామాలు తీసేసిన తర్వాతే మార్చండి. ఆ మార్చిన విలువను జవాబులో తిరిగి పంపి తెరమీద చూపించండి, తేడా ఉంటే అక్కడే కంటపడుతుంది.

కోల్డ్ స్టోరేజీ రశీదు ఫోటో కూడా జోడించాలన్నారు. ఫారమ్‌డేటాలో ఫైలు గడి తనంతట తానే చేరుతుంది, అదనంగా రాయవలసినదేమీ లేదు. అయితే పీహెచ్‌పీ సహజ అమరికల్లో ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కు 8 ఎంబీ హద్దు ఉంటాయి. ఇప్పటి ఫోన్లతో తీసిన ఫోటో తేలికగా 2 ఎంబీ దాటుతుంది. మొదటి హద్దు దాటితే ఆ ఫైలుకు మాత్రమే దోష సంఖ్య వస్తుంది. రెండోది దాటితే పోస్ట్ అర్రే మొత్తం ఖాళీ అవుతుంది, అంటే ఫోటోతో పాటు రైతు పేరు, టిక్కీలు కూడా రానట్టే ఉంటుంది. ఫోటోను బ్రౌజర్‌లోనే కాన్వాస్ మీద చిన్నది చేసి పంపితే నెట్ భారం కూడా తగ్గుతుంది. ఎంత శాతం వెళ్లిందో చూపాలనుకుంటే మాత్రం ఫెచ్ బదులు పాత ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ వాడండి, పంపే పురోగతిని చెప్పే ఈవెంట్ దానికి ఉంది.

విజయం తర్వాత ఏం జరగాలో గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుని నిర్ణయించండి. ఫారం మొత్తం రీసెట్ చేస్తే తేదీ కూడా పోతుంది, అప్పుడు రీలోడ్‌కూ దీనికీ తేడా ఏముంది? తేదీ అలాగే ఉంచి, తూకం, టిక్కీలు, పేరు మాత్రం ఖాళీ చేసి, కర్సర్‌ను రైతు పేరు గడిలో నిలపండి. ఒకే రైతు రెండు మూడు రకాలు తెచ్చే రోజుల్లో పేరు, ఊరు కూడా ఉంచే వీలు అడుగుతారు, దానికి ఒక టిక్కు పెట్టండి. జవాబు వచ్చే చోటును తెరచదివే సాఫ్ట్‌వేర్ గుర్తించేలా ఏరియా-లైవ్ లక్షణంతో ఉంచండి. చూపు సరిగా లేనివారికి పేజీ మారిన అలికిడి ఇప్పుడు వినిపించదు కదా.

సర్వర్ పంపిన పేరును పేజీలో చేర్చేటప్పుడు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వాడకండి, టెక్స్ట్‌కంటెంట్ వాడండి. లేకపోతే ఎవరైనా పేరు గడిలో రాసిన స్క్రిప్టు మీ యజమాని తెరమీద నడుస్తుంది. బ్రౌజర్‌లో చేసిన ఏ పరీక్షనూ సర్వర్ నమ్మకూడదు, అన్నీ అక్కడ మళ్లీ చేయాలి. ఇతర సైట్ల నుంచి దొంగ రిక్వెస్టులు రాకుండా కాపాడే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌ను హిడెన్ గడిలో ఉంచితే అది ఫారమ్‌డేటాతో తనే వెళ్తుంది. ఫారం ఒక డొమైన్‌లో, పీహెచ్‌పీ వేరొక డొమైన్‌లో ఉంటే బ్రౌజర్ అడ్డుకుంటుంది. అప్పుడు ఫెచ్‌లో నో-కార్స్ అనే అమరిక పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, తప్పు సందేశం పోతుంది గాని జవాబు చదివే హక్కు కూడా దానితోనే పోతుంది. రెండింటినీ ఒకే డొమైన్‌లో పెట్టుకోవడం మీకు అన్నిటికంటే సులువు.

కొట్టుకు ఇచ్చే ముందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ పలక తెరవండి. వేగాన్ని నెమ్మదైన 3జీకి తగ్గించి సేవ్ మీద మూడుసార్లు నొక్కి చూడండి. ఆఫ్‌లైన్ పెట్టి నొక్కండి. వేరే ట్యాబులో లాగౌట్ అయి నొక్కండి. పీహెచ్‌పీలో రికార్డు వేసిన తర్వాత 20 సెకన్లు నిద్రపోయే వరుస రాసి, గడువు దాటిన తర్వాత మళ్లీ నొక్కి, పట్టికలో ఒకటే రికార్డు ఉందో రెండున్నాయో లెక్కపెట్టండి. ముందుగా మాత్రం ఆ సబ్మిట్ షరతు మార్చి ఒక్కసారి పంపి చూడండి. అప్పటికీ రికార్డు పడకపోతే, పేలోడ్ భాగంలో కనిపించిన గడుల పేర్లు, రెస్పాన్స్ భాగంలో వచ్చిన పాఠం ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి, రైతుల పేర్లు మాత్రం చెరిపేసి.